తేలు కుట్టింది ఇంటివారికి

ప్రశ్న: మేము బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాము. మా నాన్నగారి వయసు 64. కదిరి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మూడేళ్ళ క్రితం అమ్మ పోయిన తరువాత మా దగ్గరికి వచ్చేశారు. ఆయనకు ఫేస్‌బుక్‌లో ఒకామె పరిచయమైందట. గుంటూరులో పుట్టి లండన్‌లో నర్సుగా స్థిరపడ్డానని చెప్పిందట. ఏడు నెలలు రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకున్నారు. ఆమె బంగారు గొలుసు, పౌండ్లు పెట్టి పంపిన పార్సిల్ ఢిల్లీ విమానాశ్రయంలో కస్టమ్స్ వారి దగ్గర ఆగిందంటే, విడిపించడానికి తొమ్మిది విడతలుగా 11 లక్షల 40 వేల రూపాయలు పంపారు. చివరి విడత పంపి ఆరు వారాలైంది. ఫిక్సెడ్ డిపాజిట్ రద్దయినట్లు పాస్‌బుక్‌లో చూసి అడిగితే బయటపడింది. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య ఫోన్‌లో "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని అరిచి, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది గనుక గుట్టుగా ఉంచమన్నాడు. మా వారు ఆయన ఫోన్ తీసి బీరువాలో పెట్టారు. నాన్నగారు మాతో కలిసి భోంచేయడం మానేశారు. పొద్దున పార్కుకు వెళ్ళి ఎప్పటికో వస్తారు. మొన్న "పాపం, ఆమె నిజంగానే ఇబ్బందుల్లో ఉందేమో" అన్నారు. నాకు కోపం, జాలి, అసహ్యం అన్నీ కలిసి వస్తున్నాయి. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే లాభముందా? ఫోన్ తిరిగి ఇవ్వవచ్చునా? రెండో తరగతి చదివే మా పాప "తాతయ్య మనతో ఎందుకు తినడం లేదు" అని అడుగుతోంది. ఏమని చెప్పాలి?
— ఒక కూతురు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్నగారి వయసు, అన్నయ్యగారి కోపం, ఇంటి పరువు, మీ అసహ్యం అన్నీ అందులో ఉన్నాయి గాని, మోసం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఏడు నెలలపాటు ఒక మనిషిని పథకం ప్రకారం నమ్మించి ఆయన జీవితకాలపు పొదుపును కాజేసినవారు మీ ఇంటి మాటల్లోంచి అప్పుడే తప్పుకున్నారు. ముద్దాయి స్థానంలో నాన్నగారు ఒక్కరే మిగిలారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసిన నేను కూడా ఒకసారి ఇదే పొరపాటు చేశాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఫిర్యాదు విషయం చూద్దాం, ఎందుకంటే అందులో రోజు గడిచిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

ఈ రోజే నాన్నగారి చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయించండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా నమోదు చేయించండి. కేంద్ర హోం శాఖ 2021లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో, ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది. సొమ్ము ఆ ఖాతాలో ఇంకా ఉంటే అక్కడే నిలిపివేస్తారు, మరో ఖాతాకు దాటిపోయి ఉంటే ఆ రెండో బ్యాంకును అప్రమత్తం చేస్తారు. మోసం జరిగిన మొదటి గంటల్లో చెప్పినవారికి ఎక్కువ ప్రయోజనం ఉండేది అందుకే. ఆరు వారాలు గడిచాయి గనుక డబ్బంతా తిరిగి వస్తుందని నేను మీకు ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు చేయవలసిందే. తొమ్మిది విడతలు వెళ్ళిన ఖాతాల్లో ఏదో ఒకటి మరొక బాధితుడి ఫిర్యాదు వల్ల ఇప్పటికే స్తంభించి ఉండే అవకాశం ఉంది. అందులో మిగిలిన సొమ్మును కోర్టు ఉత్తర్వుతో ఇచ్చే రోజు వస్తే, ఎన్నడూ ఫిర్యాదు చేయని మనిషి పేరు ఎవరికీ గుర్తుకు రాదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లుందని మీ అన్నయ్యగారు అనవచ్చు. ఆరు నెలలు ఇంకా కాలేదని చెప్పండి.

బెంగళూరులో ఇలాంటి కేసుల కోసం సైబర్ నేరాల పోలీస్ స్టేషన్లు ప్రత్యేకంగా ఉన్నాయి. మీ ప్రాంతం ఏ స్టేషన్ కిందికి వస్తుందో దగ్గరలోని మామూలు పోలీస్ స్టేషన్‌లో అడిగినా చెబుతారు. డబ్బు చేరిన ఖాతా ఏ రాష్ట్రంలో ఉన్నా, పరిధి మాది కాదని ఫిర్యాదును తిప్పి పంపకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వెళ్ళేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్, తొమ్మిది చెల్లింపుల యూటీఆర్ నంబర్లు (ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), ఆమె ప్రొఫైల్ లింకు, వాడిన ఫోన్ నంబర్లు, కస్టమ్స్ పేరుతో వచ్చిన రసీదులు తీసుకువెళ్ళండి. వాట్సాప్ సంభాషణ ఎంత ఇబ్బందికరంగా ఉన్నా ఒక్క మాట కూడా చెరపవద్దు, ఎందుకంటే సాక్ష్యం అంతా అందులోనే ఉంది. మీ వారు బీరువాలో పెట్టి తాళం వేసింది ఆ సాక్ష్యానికే. జరిగిన నేరానికి చట్టంలో పేర్లున్నాయి. భారతీయ న్యాయ సంహితలో 318 మోసం, 319 మరొకరిగా నటించి మోసం చేయడం. ఆ నటన కంప్యూటర్ ద్వారానో ఫోన్ ద్వారానో జరిగితే ఐటీ చట్టంలోని 66డి సెక్షన్ కూడా వర్తిస్తుంది, దాని కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. ఈ వయసులో తోడు కోరుకోవడం మాత్రం ఏ సెక్షన్ కిందా నేరం కాదు.

బ్యాంకు నుంచి ఏం ఆశించాలో కూడా ముందే తెలుసుకోండి, లేకపోతే కౌంటరు దగ్గర ఇంకోసారి మనసు విరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు ప్రమేయం లేకుండా బయటివారు డబ్బు లాగేసినప్పుడు మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఆయనకు నష్టం అంటదు. ఖాతాదారే నమ్మి తన చేత్తో పంపిన డబ్బుకు ఆ రక్షణ దొరకదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా నమ్మించి పంపించుకున్న డబ్బును కూడా 85 వేల పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి ఇవ్వాలన్న నియమం వచ్చింది. మోసగాళ్ళ ఖాతాను తెరిచిన బ్యాంకుకు, దాన్ని గమనించని బ్యాంకుకు బాధ్యత లేదా అన్న ప్రశ్న అక్కడ ఎవరో గట్టిగా అడగబట్టే అది సాధ్యమైంది. మన దగ్గర ఇంకా "నువ్వే కదా పంపావు" అన్న మాట దగ్గరే ఆగాము, బ్యాంకుల్లోనూ, ఇళ్ళల్లోనూ.

పోలీసుల దగ్గరికి వెళ్ళేముందు నాన్నగారిని రెండు విషయాలు నెమ్మదిగా అడగండి. ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చారా అన్నది మొదటిది. రెండోది మరీ ముఖ్యం: తెలియనివారి నుంచి ఆయన ఖాతాలోకి డబ్బు వచ్చి, ఆమె చెప్పినందుకు దాన్ని మరెవరికైనా పంపారా? వేరే బాధితుల సొమ్మును ఇలా అమాయకుల ఖాతాల గుండా నడిపించడం ఈ ముఠాలకు మామూలు. వాటినే మ్యూల్ ఖాతాలంటారు. అలాంటిది జరిగి ఉంటే ముందు ఒక న్యాయవాదిని కలవండి, ఆ తరువాత పోలీసులకు మీ అంతట మీరే చెప్పండి.

ఇంకో మాట. రేపో ఎల్లుండో సైబర్ క్రైమ్ అధికారినంటూ, న్యాయవాదినంటూ ఎవరో ఫోన్ చేసి, పోయిన డబ్బు దొరికిందని, విడుదల చేయడానికి కొంత రుసుము కట్టాలని అనవచ్చు. ఒకసారి మోసపోయినవారి పేర్లు, నంబర్లు చేతులు మారుతుంటాయి. డబ్బు తిరిగి ఇప్పించడానికి ఏ పోలీసూ రుసుము అడగడు.

ఇక మీరు రాయనిది, బహుశా ఊహించడానికి కూడా ఇష్టపడనిది ఒకటుంది. ఏడు నెలల సంభాషణలో ఆయన కూతురి ముందు చెప్పలేని మాటలు, పంపకూడని ఫొటోలు ఏవైనా ఉండవచ్చు. వాటిని చూపించి ఇప్పటికీ ఎవరైనా బెదిరిస్తూ ఉండవచ్చు. అది బలవంతపు వసూలు కిందికి వచ్చే వేరే నేరం. మీరు అడిగితే ఆయన చెప్పరు. అడగవద్దు కూడా. స్టేషన్ దాకా వెంట వెళ్ళి, వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మీరు బయట బెంచీ మీద కూర్చోండి. పోలీసులకు చెప్పే దానిలో మీకు తెలియవలసిన అవసరం లేనివి కొన్ని ఉంటాయని, అవి మీరు ఎన్నటికీ అడగరని ఇంటి దగ్గరే ఒక మాట ఆయనకు చెప్పి బయలుదేరండి. ఆయన నోరు విప్పడానికి చాలాసార్లు ఆ ఒక్క భరోసా సరిపోతుంది.

నా పొరపాటు సంగతి చెబుతానన్నాను. పదేళ్ళ కిందట నేను పనిచేస్తున్న శాఖకు, భర్త పోయిన ఒక నడివయసు ఆమె, ప్రభుత్వ ఆసుపత్రి ఉద్యోగిని, ఊరూ పేరూ తెలియని ఖాతాకు మూడోసారి డబ్బు పంపడానికి వచ్చారు. నాకు అనుమానం వచ్చింది. "ఎవరమ్మా ఈయన, మీకేమవుతారు?" అని కౌంటరు దగ్గర నలుగురూ వినేలా అడిగాను. పక్కనున్న గుమాస్తా నవ్వాడు, వరుసలో నిలబడ్డ ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఆమె ఫారం చించేసి వెళ్ళిపోయారు. నేను ఆమెను కాపాడాననుకున్నాను. నాలుగు నెలల తరువాత డిపాజిట్ మూసివేయడానికి వచ్చినప్పుడు తెలిసింది, ఆ మధ్యాహ్నమే వేరే బ్యాంకు నుంచి ఆ డబ్బు పంపారని, ఆ తరువాత ఇంకా చాలా పంపారని. నా ప్రశ్న సరైనదే. అదే ప్రశ్న ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి అడిగి ఉంటే జవాబు చెప్పేవారేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ నవ్వునే నేను చాలా కాలంగా ఆలోచిస్తున్నాను. అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టి నష్టపోయిన లక్షల మందిని మన తెలుగువారు "అగ్రిగోల్డ్ బాధితులు" అన్నారు. వారికి సంఘాలు ఏర్పడ్డాయి, ధర్నాలు జరిగాయి, ప్రభుత్వాలు హామీలిచ్చాయి. చిట్టీలు కట్టించుకున్నవాడు రాత్రికి రాత్రి ఊరు విడిచి పారిపోతే వీధి వీధంతా వాడి ఇంటి ముందు కూర్చుంటుంది. అధిక వడ్డీకి ఆశపడ్డవారిని చూసి జాలిపడగలిగిన మనం, ఆప్యాయంగా పలకరించే మనిషి కోసం ఆశపడ్డవారిని చూసి నవ్వుతాము. మోసపోయింది మగవాడైతే ముసలోడికి దసరా పండగ అంటాము, ఆడదైతే నవ్వు కూడా ఉండదు, నేరుగా శీలం మీదికే వెళతాము. దొంగకు తేలు కుట్టినట్లు అని సామెత చెబుతాము గదా, ఇక్కడ తేలు కుట్టింది ఇంటివారికి, కిక్కురుమనకుండా నొప్పి భరించవలసి వచ్చింది కూడా ఇంటివారికే.

ఈ మౌనం మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తుంది. కస్టమ్స్ సుంకాన్ని ఎవరి సేవింగ్స్ ఖాతాకో కట్టించుకోరు. 2019 నవంబరు నుంచి ఆ శాఖ పంపే లేఖల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, శాఖ వెబ్‌సైట్‌లో దాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. మొదటి విడత పంపేముందు నాన్నగారు మిమ్మల్నో అల్లుడిగారినో ఒక్క మాట అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. కాని పార్సిల్ గురించి అడగాలంటే ఆమె గురించి చెప్పాలి. ఆమె గురించి చెబితే ఏం వినవలసి వస్తుందో ఆయనకు తెలుసు. అది అక్షరాలా మీ అన్నయ్యగారు ఫోన్‌లో అరిచిన మాటే. "మీవాళ్ళకు మన స్నేహం అర్థం కాదు, ఇప్పుడే చెప్పకండి" అని అవతలివారు పదే పదే అని ఉంటారు, వాట్సాప్‌లో వెతికితే కనబడుతుంది. తొలి విడత పోయిన తరువాత రెండోది కట్టకపోతే మొదటిది కూడా మునుగుతుందన్న లెక్క మొదలవుతుంది, పేకాటలో పోగొట్టుకున్నది రాబట్టడానికి ఇంకో ఆట వేసినట్లు. చదువు, ఉద్యోగం, వయసు ఈ లెక్కకు అడ్డురావు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు నేర్పినవారికైనా అంతే.

పెట్టుబడి పేరుతో జరిగే ఇలాంటి మోసాన్ని చైనాలో మొదలుపెట్టినవారు దానికి పందిని మేపి కోయడం అని పేరు పెట్టుకున్నారు. కొన్నేళ్ళు పోలీసులు, పత్రికలు కూడా ఆ మాటే వాడాయి. బాధితుణ్ణి పందితో పోల్చే పేరు వింటే ఎవరు ముందుకు వచ్చి ఫిర్యాదు చేస్తారని, దాన్ని మానేసి ప్రేమను ఎరగా వేసే మోసం అన్న అర్థం వచ్చే పేరు వాడమని ఇంటర్‌పోల్ 2024 డిసెంబరులో కోరింది. దేశదేశాల పోలీసులకే మాట మార్చుకోవలసిన అవసరం కనబడినప్పుడు, మన ఇంట్లో వాడే మాట మార్చుకోవడం నామోషీ కాదు. ఇకపై "నువ్వు చేసిన పని" అనకుండా "నీకు జరిగిన మోసం" అనమని అన్నయ్యగారికి చెప్పండి. వినకపోతే కొన్నాళ్ళు అన్నయ్యగారు ఫోన్ చేసినప్పుడు నాన్నగారికి ఇవ్వకండి.

"ఆమె నిజంగానే ఇబ్బందుల్లో ఉందేమో" అన్న మాట దగ్గర మీకు ఎక్కువ కోపం వచ్చిందనిపిస్తోంది. నాకు ఆ మాటలో ఆయన వెర్రి కనబడలేదు. పార్సిల్ ముఠాలు చాలావరకు మన దేశంలోనే అద్దె గదుల్లో నడుస్తాయి, ఢిల్లీలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. ఒకే "ఆమె" పేరుతో ముగ్గురు నలుగురు వంతులవారీగా రాస్తారు. పెట్టుబడి మోసాల్లో పరిస్థితి ఇంకా దారుణం: మయన్మార్‌లో కనీసం లక్షా 20 వేల మంది, కంబోడియాలో లక్ష మంది దాకా ఇలాంటి పనుల్లో బలవంతంగా ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్ళి చిక్కుకున్న మన ఆంధ్ర యువకుల సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆయన జాలి పూర్తిగా అర్థం లేనిది కాదు, చేరవలసిన చిరునామా తప్పింది, అంతే.

ఆయనతో వాదించి ఆమె లేదని ఒప్పించాలని చూడకండి. ఫోన్ తిరిగి ఇచ్చిన రోజున పక్కన కూర్చుని, ఆమె ఫొటోను గూగుల్ లెన్స్‌లో ఎలా వెతకాలో చూపించి, బటన్ ఆయననే నొక్కనివ్వండి. అదే ముఖం వేరే పేరుతో, వేరే దేశంలో కనబడితే మీరు ఏమీ అనకండి, వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టండి. మీ అమ్మగారు పోయినప్పుడు పదకొండు రోజులు ఇల్లు నిండా జనం ఉన్నారు. ఇప్పుడు ఆయన పోగొట్టుకున్న మనిషి అసలు లేదు గనుక, పరామర్శకు వచ్చేవారు కూడా లేరు. డబ్బుకన్నా ముందు ఆయన ఈ దుఃఖాన్ని దాటాలి.

ఫోన్ తప్పక ఇచ్చేయండి. అది లేకపోతే కదిరిలోని పాత మిత్రులు కూడా దూరమవుతారు, పైగా రెండు వేలు పెడితే మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఇంకో ఫోన్ దొరుకుతుంది, మీకు తెలియకుండా. డబ్బుకు మాత్రం ఆయన సమ్మతితో కొంత కట్టుదిట్టం చేసుకోవచ్చు: రోజువారీ ఖర్చుల ఖాతాకు యూపీఐ పరిమితి తగ్గించడం, మిగిలిన డిపాజిట్లను ఇద్దరి సంతకాలు ఉంటేనే తీయగలిగేలా మార్చడం. రెండో సంతకం ఎవరిది కావాలో ఆయననే ఎంచుకోనివ్వండి. పింఛను పుస్తకం లాక్కుని నెలకింతని చేతిలో పెట్టడం మాత్రం చేయకండి.

మీరిద్దరూ ఉదయం వెళ్ళి రాత్రికి వచ్చేవరకు ఆయన ఏం చేస్తారన్నది మీ ఉత్తరంలో లేదు. కన్నడం రాకపోయినా బెంగళూరులో తెలుగుతో బతకవచ్చునని మనం అంటాము, నిజమే, కూరగాయలు కొనడానికి సరిపోతుంది. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిలో కార్యక్రమాలు జరుగుతుంటాయి, కాని మారతహళ్ళి నుంచి అక్కడికి వెళ్ళిరావడానికి ఈ ట్రాఫిక్‌లో ఒక పూట పడుతుంది గనుక దాన్నే మందుగా రాసి ఇవ్వను. మీ అపార్ట్‌మెంట్‌లోనే పదో తరగతి లెక్కలకు తంటాలు పడే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండకపోరు. తోటి పెద్దల వాకింగ్ బృందంలో చేర్చడం కన్నా, చేతనైన పని ఎవరో అడిగి చేయించుకోవడం ఆయనకు ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. భోజనం మానడం, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం, "నేను లేకపోతే మీకు బాగుండేది" లాంటి మాటలు, ఉన్నట్టుండి కాగితాలు సర్ది మీకు అప్పగించడం కనబడితే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. దానికి కేంద్రస్థానం మీ ఊళ్ళోని నిమ్హాన్స్ కావడం వల్ల, అవసరమైతే నేరుగా వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళడం కూడా మీకు సులువు.

బంధువులకు చెప్పాలా వద్దా అన్నది నాన్నగారు నిర్ణయించుకోవలసిన సంగతి. ఇది ఆయనకు జరిగిన నష్టం. అన్నయ్యగారి పరువు కోసం దాచనక్కరలేదు, మీ కోపం తీరడానికి బయటపెట్టనూ కూడదు.

పాప అడిగిన ప్రశ్నకు అబద్ధం అవసరం లేదు. "తాతయ్య డబ్బు దొంగలు పట్టుకుపోయారు, అందుకని బాధగా ఉన్నారు" అని చెప్పండి. ఏడేళ్ళ పిల్లకు అది చక్కగా అర్థమవుతుంది. అర్థమైన వెంటనే తాతయ్యను భోజనానికి పిలవడానికి తనే వెళుతుంది, అప్పుడు మీరు వెనక్కి పిలవకండి.